కుర్చీ దొరికిన హక్కుల సంఘం

మాస్టారి పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి కనిగిరి మిత్రులు నన్ను పిలిచారు. ఆయన గురించి చెప్పాల్సినవన్నీ ముందు మాట్లాడినవాళ్లు చెప్పేశారు. నేను ఆయనకు రాసిన ఉత్తరాల్లో తప్పులు ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపేవారు. ఒళ్లు మండేది. అయినా రాయడం మానలేదు.

ఇవాళ్టి మాట గోప్యత గురించి. ఫోన్ ట్యాపింగ్ మీద పీయూసీఎల్ కేసులో 1996 తీర్పు, గోప్యత ప్రాథమిక హక్కేనన్న 2017 పుట్టస్వామి తీర్పు మీకు తెలిసినవే. నా పేచీ వేరు. ‘చట్టం ఎలాగూ వస్తుంది, లోపల కూర్చుని నాలుగు మంచిమాటలు చేర్పిద్దాం’ అనే హక్కుల సంఘాలతో నాకు ఏళ్ల తరబడి తగువు. ఈ విషయం మీదే కొందరు హైదరాబాద్ మిత్రులు నాతో మాటలు తగ్గించారు.

మచ్చుకు, అమెరికాలో 1990లో పుట్టిన డిజిటల్ హక్కుల సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ కొద్దికాలానికే వాషింగ్టన్‌లో మకాం పెట్టింది. టెలిఫోన్ కంపెనీలు తమ యంత్రాలను పోలీసు నిఘాకు అనువుగా పెట్టాలనే ‘కాలియా’ బిల్లు 1994లో వచ్చింది. ఈ సంస్థ బిల్లు అక్కర్లేదంటూనే దాన్ని మెత్తబరిచే బేరానికి కూర్చుంది. ఎపిక్, ఏసీఎల్‌యూ అనే మరో రెండు హక్కుల సంస్థలు అడ్డం నిలబడ్డాయి. ఫౌండేషన్ తరఫున బేరం నడిపిన జెర్రీ బెర్మన్ ఆ ఏడాది చివరే బయటికెళ్లి వేరే సంస్థ పెట్టుకున్నారు. పాత సంస్థ 1995లో శాన్‌ఫ్రాన్సిస్కోకు మూటాముల్లె సర్దుకుంది.

బెర్మన్ పక్షం వాదన తీసిపారేసేది కాదు. ఇంటర్నెట్ సేవలకు మినహాయింపు వచ్చింది, ఈమెయిల్ వివరాలకు రక్షణ పెరిగింది అంటారు. నిజమే. కానీ 2005లో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ బ్రాడ్‌బ్యాండ్‌నూ ఇంటర్నెట్ ఫోన్లనూ అదే చట్టం కిందికి లాగింది. 2006లో అప్పీలు కోర్టు సరేనంది. మినహాయింపు పదకొండేళ్లకే ఆవిరైంది, చట్టం మాత్రం నిలిచింది. ఇందులో ఎవరో లంచం తిన్నారని నేననను. బేరంలో కూర్చున్నవాడు తనకు దక్కిన రెండు వాక్యాలను కాపాడుకోవడానికి మిగతా చట్టానికంతటికీ వకాల్తా పుచ్చుకోవాల్సి వస్తుంది. నా అభ్యంతరం అక్కడ.

మన దగ్గరా అంతే. డేటా రక్షణ చట్టానికి ముసాయిదా రాసిన శ్రీకృష్ణ కమిటీలో ఆధార్ సంస్థ అధిపతే సభ్యుడు. చివరికి 2023లో వచ్చిన డేటా చట్టం ప్రభుత్వానికి దారులన్నీ తెరిచి ఉంచింది. పైగా 44(3) సెక్షన్‌తో సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన 8(1)(జె)ని మార్చేసింది. ఆ ప్రభుత్వం గోప్యతను ఎలా కాపాడిందో చూడండి. 2017 మేలో బెంగళూరు సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ చూపించిన నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో రెండు మన ఆంధ్రవే: ఉపాధి హామీ చెల్లింపులది, చంద్రన్న బీమాది. వాటిలో జనం ఆధార్ నంబర్లు బాహాటంగా ఉన్నాయి. దానికి ఆధార్ సంస్థ, హ్యాకింగ్ చేసిందెవరో చెప్పమని ఎదురు లేఖ రాసింది. కూలీ ఆధార్ బజారునపడ్డప్పుడు కనపడని గోప్యత, ఉపాధి హామీ మస్టర్‌లో దొంగపేర్ల గురించి అడిగితే పుట్టుకొస్తుంది.

అందుకే ఇప్పుడు కనిగిరి, పామూరు, వెలిగండ్ల మండలాల పాత మస్టర్లు, సామాజిక తనిఖీ నివేదికలు పోగుచేస్తున్నాను. సమాచార హక్కు కింద మీకొచ్చిన జవాబులుంటే జిరాక్స్ తీయించి ఇవ్వండి. పేర్లు ఉండనివ్వండి, ఆధార్ నంబర్ల మీద నల్లసిరా పూయండి.