పాత బొమ్మ రైలింజను: కొనుటకు ముందు, కొన్న పిమ్మట

పాతబడిన ఆటవస్తువు సాధారణముగా చెత్తబుట్టకు చేరును. బొమ్మ రైలింజనుకు మాత్రము రెండవ జన్మ కలదు. ఇంగ్లండులో 1930 ప్రాంతమున ఏ బాలుని పుట్టినరోజునకో కొన్న ఇంజను, అతడు పెద్దవాడైన పిమ్మట అటకనెక్కును. చాల ఏండ్లకు ఇల్లు ఖాళీ చేయునాడు క్రిందికి దిగి, వేలమునకో, పాత బొమ్మల సంతకో వచ్చును. దానిని కొని, బాగుచేసి, మరల పట్టాలపై నడిపించుట కొందరికి గొప్ప వేడుక. ఈ వేడుకలో చేతి పనితనముకంటె ముందు కావలసినది ఏది బాగుపడును, ఏది బాగుపడదు అను వివేకము.

లివర్‌పూల్ నివాసియైన ఫ్రాంక్ హార్న్‌బీ 1901లో మెకానో అను బొమ్మ నిర్మాణ సామగ్రికి పేటెంటు పొందెను. 1920లో ఆయన కంపెనీ తాళముచెవితో స్ప్రింగు చుట్టి నడుపు రేకు రైళ్లను విడుదల చేసినది. వాని పట్టాల నడుమ దూరము 32 మిల్లీమీటర్లు. 1938లో ‘హార్న్‌బీ డబ్లో’ అను చిన్న రైళ్లు వచ్చినవి, వీనికి 16.5 మిల్లీమీటర్లే. చిన్న ఇంటిలో భోజనపు బల్లమీద సైతము ఇవి ఇమిడినవి. ఆ కంపెనీ కర్మాగారము 1979లో మూతపడినది. నేడు మనకు దొరకునవన్నియు ఒకరు వాడి విడిచినవే.

ఇక అసలు చిక్కు. చక్రములను, కొన్ని ఇంజనుల పై తొడుగును పోతపోయుటకు మజాక్ అను మిశ్రలోహమును వాడిరి. అందు ప్రధానమైనది జింకు. కొంచెము అల్యూమినియము మున్నగునవి చేరును. శుద్ధముగా ఉన్నంతవరకు అది చక్కని లోహమే. ఎనుబది ఏండ్లు దాటియు నిక్షేపముగా నున్న పోతలు ఉన్నవి. కాని కరిగించునపుడు సీసము లేశమాత్రము కలిసినను లోపలి రేణువుల సందులలో క్షయము ఆరంభమగును. మొదట వెండ్రుకవంటి బీటలు కనబడును. పిదప లోహము ఉబ్బును, వంగును; తుదకు అప్పడమువలె చేతిలో పొడియగును. తేమ తగిలినచో ఈ పని మరింత వేగముగా సాగును. యుద్ధమునకు ముందటి ఇంజనులలో ఈ దోషము తరచుగా కనబడును. దీనికి మందు లేదు. ప్రక్కనున్న ఇంజనుకు అంటునేమోయని వెరచువారు కలరు గాని, ఇది అంటువ్యాధి కాదు, పుట్టుకతో వచ్చినది.

కావున కొనబోవు ఇంజనును తలక్రిందులుగా త్రిప్పి చూడవలెను. నేడు అంతర్జాలమున వేలములు జరుగుచున్నవి గనుక, అడుగుభాగపు ఛాయాచిత్రమును తప్పక అడుగవలెను. జేబులో చిన్న అయస్కాంతము ఉంచుకొనుట మంచిది: రేకు దానికి అంటుకొనును, మజాక్ అంటుకొనదు. రేకు ఇంజనులో చక్రములు మాత్రమే చెడినచో భయము లేదు. క్రొత్త చక్రములు చేసి అమ్మువారున్నారు. పోతపోసిన తొడుగే ఉబ్బినచో ఎంత చౌకయైనను విడిచిపెట్టుటయే మేలు. అమ్మువాడు ‘నడిపి చూడలేదు’ అని వ్రాసినచో, చూచినాడనియు, అది నడువలేదనియు తలచి ధర చెప్పుట లాభదాయకము.

విద్యుత్తుతో నడుచు డబ్లో ఇంజనుకు 12 వోల్టులు చాలును. ఆగిపోయిన ఇంజను చాలమారులు చచ్చినది కాదు. నూనె గడ్డకట్టి, కార్బను ముక్కలు అరిగి నిద్రించుచున్నదే. శుభ్రపరచి, ఇరుసులకు ఒక్కొక్క బొట్టు నూనె వేసినచో కదలును. అయితే తొందరపడి మోటారు విప్పరాదు. గుఱ్ఱపులాడము వంటి పాత అయస్కాంతము నడుమనుండి తిరుగు భాగమును తీయునపుడు ఇనుపముక్క అడ్డుపెట్టనిచో దాని బలము తగ్గును. ఇంజను నడచును గాని బండ్లను లాగలేదు.

ఇంతకంటె పెద్ద హెచ్చరిక ఒకటి కలదు. 1925లో హార్న్‌బీ కంపెనీ తెచ్చిన లండను మెట్రోపాలిటన్ ఇంజనులలో ఒక రకము ఇంటి కరెంటుతోనే నడిచెడిది. నడుమ ఒక దీపమును తగిలించి కరెంటును తగ్గించెడివారు. పిల్లలు తాకు పట్టాలలోనే ఆ కరెంటు ప్రవహించెడిది! అట్టి దానిని అద్దాల బీరువాలో ఉంచి చూడవలెనే గాని ప్లగ్గులో పెట్టరాదు. రబ్బరు పెళుసెక్కిన తీగలతో వచ్చు పాత ట్రాన్స్‌ఫార్మరులకును ఇదే నియమము.

రంగు విషయమున నా అభిప్రాయము కొందరికి రుచింపదు. గీతలు పడిన పాత రంగును గీకి, క్రొత్త రంగు వేయుట బాగుచేయుట కాదు. కర్మాగారమువారు వేసిన అక్షరములు, గీతలు ఒక్కసారి పోయినచో మరల రావు. కొనువారు సైతము మాసిన అసలు రంగుకే ఎక్కువ ధర ఇత్తురు. పైగా ఆనాటి రంగులలో సీసము ఉండవచ్చును గనుక పొడిగా గీకినచో ఆ ధూళి ఆరోగ్యమునకు హాని. మెత్తని గుడ్డను సబ్బునీటిలో తడిపి, గట్టిగా పిండి, తేలికగా తుడుచుట చాలును. స్పిరిటు, పెట్రోలు దరిచేరనీయరాదు.

మార్చవలసిన భాగమును మార్చినపుడు, తీసివేసిన పాత చక్రమును పారవేయక చిన్న కాగితపు సంచిలో వేసి, ఏమి మార్చితిమో, ఏనాడు మార్చితిమో ఒక చీటీపై వ్రాసి, ఇంజను పెట్టెలోనే ఉంచవలెను. రేపు దానిని కొనువానికి ఆ చీటీ పనికివచ్చును.