యుద్ధం నడుస్తుండగా నాయకుడి సైనిక చరిత్ర



ఈ ఉపన్యాసం ఏ చరిత్ర మాస్టారి పేరున ఏర్పాటైందో ఆయన తేదీలను బట్టీ పట్టించేవారు కాదు, పక్కపక్కన పెట్టి చూడమనేవారు. నేనూ ఈరోజు అదే పని చేస్తాను. ఒకపక్క యుద్ధం జరుగుతుండగా ఎన్నికలొచ్చాయి. అభ్యర్థి కుర్రవాడిగా ఉన్నప్పుడు సైన్యంలో ఏం చేశాడని అడగడం న్యాయమేనా? 2004లో అమెరికా ఈ ప్రశ్న మీద నెలల తరబడి కొట్టుకుంది. అప్పటికి ఇరాక్ యుద్ధం మొదలై ఏడాది దాటింది.

ప్రశ్న పుట్టడానికి కారణం ఉంది. వియత్నాం యుద్ధానికి అమెరికా నిర్బంధ సైనిక సేవ మీద ఆధారపడింది. కాలేజీలో చదువుతున్నవాడికి వాయిదా దొరికేది. పలుకుబడి ఉన్న ఇంటి కుర్రాడికి నేషనల్ గార్డు అనే రిజర్వు దళంలో చోటు దొరికేది. గార్డు దళాల్లో వియత్నాం వెళ్లినవాళ్లు బహు తక్కువ. చదువూ పలుకుబడీ లేని ఇంటి పిల్లలకు మాత్రం పిలుపు వచ్చేది. 58 వేలమందికి పైగా అమెరికన్ సైనికులు అక్కడ చనిపోయారు. వియత్నామీయుల మరణాలు లక్షల్లో ఉన్నాయి. తర్వాత ఉపాధ్యక్షుడైన డిక్ చెనీ అయిదుసార్లు వాయిదా తీసుకున్నారు. 2004లో అధ్యక్షుడిగా ఉండి మళ్లీ పోటీ చేసిన జార్జి బుష్ 1968లో టెక్సాస్ ఎయిర్ నేషనల్ గార్డులో చేరి ఎఫ్-102 యుద్ధవిమానం నడిపారు. 1972లో ఒక సెనేట్ అభ్యర్థి ప్రచారం కోసం అలబామా వెళ్లి, వైద్య పరీక్షకు హాజరు కాకపోవడంతో విమానం నడిపే అర్హత పోగొట్టుకున్నారు. ఇలాంటివాళ్లు తర్వాత ఇతరుల పిల్లలను యుద్ధానికి పంపుతుంటే, ఆనాడు మీరెక్కడున్నారని తల్లిదండ్రులు అడగరా? అడుగుతారు. అడగాలి కూడా.

బుష్ లాగే యేల్‌లో చదివిన, 2004లో ఆయనకు ప్రత్యర్థి అయిన జాన్ కెర్రీ మాత్రం నౌకాదళంలో చేరారు. యాభై అడుగుల అల్యూమినియం గస్తీ పడవకు అధికారిగా మెకాంగ్ డెల్టా కాలువల్లో తిరిగారు. అక్కడ ఉన్నది నాలుగు నెలలే అయినా మూడుసార్లు గాయపడి మూడు పర్పుల్ హార్ట్‌లు, వాటితోపాటు ఒక సిల్వర్ స్టార్, ఒక బ్రాంజ్ స్టార్ అందుకున్నారు. తిరిగివచ్చాక 1971 ఏప్రిల్‌లో సెనేట్ విదేశాంగ సంఘం ముందు కూర్చుని ఆ యుద్ధమే తప్పని చెప్పారు. 2004లో ఆయన మీద విరుచుకుపడ్డవాళ్ల కోపానికి అసలు మూలం ఆ సాక్ష్యమేనని నేను నమ్ముతున్నాను.

1969 మార్చి 13 నాటి సంగతి ఒక్కటి చూద్దాం. నదిలో ఒక పడవ కింద మందుపాతర పేలింది. కెర్రీ పడవ మీదినుంచి ఒక స్పెషల్ ఫోర్సెస్ అధికారి నీళ్లలో పడిపోయాడు. గాయపడిన చేత్తోనే కెర్రీ ఆయన్ను పైకి లాగారు. బ్రాంజ్ స్టార్ అందుకే ఇచ్చారు. ముప్పై అయిదేళ్ల తర్వాత, ఆ రోజు అక్కడున్న మరో పడవ అధికారి అసలు శత్రువు కాల్పులే లేవన్నాడు. ఆయనకూ ఆ రోజుకే ఒక పతకం వచ్చింది. దాని ప్రశంసాపత్రాన్ని విలేఖరులు బయటికి తీస్తే, అందులో శత్రువు కాల్పుల మాట స్పష్టంగా ఉంది. అయినా ఆరోపణ ఆగలేదు. రిపబ్లికన్ పార్టీ మహాసభలో కొందరు ప్రతినిధులు పర్పుల్ హార్ట్ బొమ్మ అతికించిన బ్యాండేజీలు పెట్టుకుని కూర్చున్నారు. ఇరాక్‌లో గాయపడ్డ సైనికులకు ఆ రోజుల్లో ఇస్తున్నదీ ఆ పతకమే. ఆ దృశ్యాన్ని నేను ఈనాటికీ క్షమించలేను.

కెర్రీ తన పతకాలను తానే వేదిక ఎక్కించారు. బోస్టన్‌లో జరిగిన తన పార్టీ మహాసభలో సెల్యూట్ చేసి, విధులకు హాజరవుతున్నానన్నారు. అలా ముందుకు పెట్టినదాన్ని పరీక్షించే హక్కు జనానికి ఉంది. అయితే పరీక్షకూ బురదకూ తేడా ఉంది.

ఇక తేదీలు చూడండి. కెర్రీ సైనిక చరిత్రను తప్పుబట్టే మొదటి టీవీ ప్రకటన 2004 ఆగస్టు మొదటి వారంలో వచ్చింది. అదే వారంలో ఇరాక్‌లోని నజాఫ్ శ్మశానంలో సమాధుల మధ్య అమెరికన్ మెరీన్లు పోరాడుతున్నారు. సెప్టెంబరు 7న ఇరాక్‌లో చనిపోయిన అమెరికన్ సైనికుల సంఖ్య వెయ్యికి చేరింది. మర్నాడే సీబీఎస్ టీవీ బుష్ గార్డు రోజులవంటూ కొన్ని కాగితాలు చూపించింది. అవి అసలువని రుజువు చేయలేమని పన్నెండు రోజులకు తానే ఒప్పుకుంది. ఆ కొన్ని రోజులూ దేశం మాట్లాడుకున్నది ఆ కాగితాల్లోవి 1970లనాటి టైపురైటర్ అక్షరాలేనా అన్నదాని గురించి. నవంబరు 2న పోలింగ్ ముగిసింది. 7న ఇరాక్‌లోని ఫలూజా మీద పెద్ద దాడి మొదలైంది. వియత్నాం కాలంలో బుష్‌ను యుద్ధానికి దూరంగా ఉంచిన నేషనల్ గార్డునుంచే 2004 నాటికి వేలమంది ఇరాక్ వెళ్తున్నారు. ఎన్నికల్లో గార్డు పేరు మారుమోగింది. వాళ్ల గురించి మాత్రం చర్చ అంతంతమాత్రమే.

సైనిక చరిత్ర మీద చర్చ తరచూ దెబ్బతీసేది యుద్ధానికి వెళ్లినవాళ్లనే. వెళ్లినవాడికి తేదీలు, సాక్షులు, సంతకాలు ఉంటాయి. ఎక్కడో ఒకచోట లోపం పట్టుకోవచ్చు. వెళ్లనివాడి పేజీ ఖాళీగా ఉంటుంది. మాక్స్ క్లెలాండ్ వియత్నాంలో రెండు కాళ్లు, కుడిచెయ్యి పోగొట్టుకున్నారు. 2002లో జార్జియా సెనేటు ఎన్నికలో ఆయనను తప్పుబట్టిన టీవీ ప్రకటన ఒసామా బిన్ లాడెన్, సద్దాం హుస్సేన్ బొమ్మలతో మొదలైంది. ఆయన్ను ఓడించిన అభ్యర్థి వియత్నాం యుద్ధానికి వెళ్లినవాడు కాదు.

యుద్ధానుభవం ఉంటే యుద్ధం మీద వివేకం ఉంటుందా? 2002 అక్టోబరులో ఇరాక్ మీద బలప్రయోగానికి సెనేట్ 77-23 ఓట్లతో అనుమతించింది. వియత్నాం చూసివచ్చిన సెనేటర్లు కెర్రీ, క్లెలాండ్, జాన్ మెకెయిన్ ముగ్గురూ సరేనన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో చెయ్యి పోగొట్టుకున్న డేనియల్ ఇనౌయే వద్దన్నారు. ఏనాడూ సైన్యంలో పనిచేయని పాల్ వెల్‌స్టోన్, తన ఎన్నిక ముంగిట్లో ఉండగానే, వద్దన్నారు. ఈ ఓట్లలో సైనిక చరిత్రకూ నిర్ణయానికీ పొంతన నాకు కనబడలేదు. 2004లో కెర్రీని నిలదీయవలసింది ఈ ఓటు గురించి. ఆయన పడవ గురించి కాదు.

2024 ఆగస్టులో మళ్లీ ఇదే జరిగింది. ఉపాధ్యక్ష పదవికి పోటీపడుతున్న, మన పత్రికలు తెలుగింటి అల్లుడని రాసుకున్న జె.డి. వాన్స్, ఇరవై నాలుగేళ్లు గార్డులో పనిచేసిన తన ప్రత్యర్థి టిమ్ వాల్జ్ పదవీ విరమణ తేదీని తప్పుబట్టారు. ఉక్రెయిన్‌కు, గాజా మీద యుద్ధం చేస్తున్న ఇజ్రాయెల్‌కు అమెరికా ఆయుధాలు వెళ్తున్న కాలమది.

నాయకుల సైనిక రికార్డులు తెరిచి ఉండాలి. పతకం గురించి అబద్ధం చెప్పినవాడిని పట్టుకోవాలి. కానీ అది రెండో ప్రశ్న. ఇప్పుడు నడుస్తున్న యుద్ధానికి ఎటు ఓటేశావు, ఎవరి పిల్లల్ని పంపావు, ఎప్పుడు వెనక్కి తెస్తావు అన్నవి మొదటివి. ఈ సభలో ఉన్న చాలామంది పిల్లలు అమెరికా పౌరులై అక్కడ ఓటేస్తున్నారు. ఈసారి ఫోన్ చేసినప్పుడు, వాళ్ల సెనేటర్ యుద్ధ తీర్మానాల మీద ఎటు నిలబడ్డారో కనుక్కున్నారా అని అడగండి. సెనేట్ ఆ ఓట్లను పేర్లతో సహా ప్రచురిస్తుంది. ఎవరైనా చూడవచ్చు.