మీ మెయిల్‌కి కాపలా ఉన్న యాంటీవైరస్ మెలకువగానే ఉందా?

ఫ్రెండ్స్, మెయిల్‌లో వచ్చే అటాచ్‌మెంట్లను జీమెయిల్ తన సర్వర్‌లోనే ఒకసారి స్కాన్ చేస్తుంది. మనం దించుకున్నాక చూసుకోవాల్సింది మన యాంటీవైరస్. అది నిజంగా పనిచేస్తోందా? దీనికో చిన్న పరీక్ష ఉంది.

ఐకార్ అనే సంస్థ వెబ్‌సైట్‌లో ఒక టెస్ట్ ఫైల్ ఉచితంగా దొరుకుతుంది. అందులో ఉండేది 68 అక్షరాలే. అది వైరస్ కాదు, ఏ హానీ చేయదు. కానీ యాంటీవైరస్‌లు దాన్ని వైరస్‌లాగే పట్టుకునేలా తయారుచేస్తారు. మీ సొంత కంప్యూటర్‌లో దించుకుని చూడండి, వెంటనే హెచ్చరిక రావాలి.

నా లాప్‌టాప్‌లో వచ్చింది. హమ్మయ్య అనుకున్నా. తీరా అప్‌డేట్ తేదీ చూస్తే నాలుగు నెలల కిందటిది! సబ్‌స్క్రిప్షన్ గడువు తీరిన సంగతి నేను గమనించనేలేదు. ఆ నాలుగు నెలల్లో ఎన్ని బిల్లులు, ఎన్ని రెజ్యూమెలు తెరిచానో!

అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఐకార్ ఫైల్ ఎప్పటినుంచో ఉన్నది కాబట్టి అప్‌డేట్ లేని యాంటీవైరస్ కూడా పట్టేస్తుంది. నిన్న పుట్టిన వైరస్ మాత్రం దాని కళ్లుగప్పి వచ్చేయొచ్చు. అందుకే పరీక్షతో ఆగిపోకండి, తేదీ కూడా చూడండి. విండోస్ సెక్యూరిటీ వాడేవాళ్లకి వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో చివరి అప్‌డేట్ ఎప్పుడో కనిపిస్తుంది. ఈ వీడియో అయిపోగానే ఒకసారి చూసేయండి.