వనపర్తి గుర్రాలు, ఏసీ గార్డ్స్ గల్లీలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సోషల్ పీరియడ్‌లో వెనక బెంచీలో నిద్రపోయినవాణ్ణి చరిత్ర గురించి మాట్లాడమన్నారు. సార్లు క్షమించాలి.

పదో తరగతి తర్వాత వనపర్తి పాలిటెక్నిక్‌లో చేరాను. అది సంస్థానాధీశుల కోట. మూడేళ్లు ఆ మెట్ల మీద కూర్చుని చదివాను, వాటి ముందు ఎవరి గుర్రాలు నిలబడేవో ఒక్కనాడూ అడగలేదు. అడిగింది హైదరాబాదులో ఒక ముసలాయన. ఉద్యోగం దొరికిన కొత్తలో ఏసీ గార్డ్స్‌లో గది అద్దెకు తీసుకున్నాను. ఏసీ అంటే చల్లటి మిషనే అనుకున్నా! ఇంటి ఓనరు సిద్దీ. నేను వనపర్తిలో చదివానని తెలిసి, "అరే, మా పెద్దలు ఆడికెంచే వచ్చిన్రు బేటా" అన్నాడు.

ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. వనపర్తి రాజా రామేశ్వరరావు ఆఫ్రికా వాళ్లతో ఒక అశ్వదళం పెంచాడనీ, ఆయన తర్వాత అది నిజాం సర్కారుకు చేరిందనీ ఆ గల్లీల్లో తరతరాలుగా చెప్పుకుంటారు. వాళ్ల క్వార్టర్లే నేటి బస్తీ. పెళ్లిళ్లలో మోగే మర్ఫా కూడా వాళ్లతో ముడిపడ్డదే.

ఆ కాలం రౌతు బతుకు ఇప్పటి జవానుది కాదు. హైదరాబాద్ కాంటింజెంట్‌లో సిలేదారీ పద్ధతి ఉండేది. గుర్రం రౌతుదే, సామాను రౌతుదే. సర్కారు ఇచ్చే జీతంలోనే దాణా కూడా. గుర్రం చస్తే కొలువు కష్టం. సొంత గుర్రం లేక ఇంకొకరి గుర్రం మీద కొలువు చేసేవాణ్ణి బార్గీరు అనేవారు. మన దగ్గర ఎడ్లు లేని రైతు గతే అనుకోండి. ఇంగ్లండులో 1794లో పుట్టిన యోమన్రీ దళాల్లోనూ రైతులు సొంత గుర్రాలతోనే వచ్చేవారు, కానీ వాళ్లు కవాతు కాగానే పొలానికి పోయేవారు. మనవాళ్లకు కొలువే పొలం.

1790లో మొదలైన ఆ కాంటింజెంట్ రిసాలాల నుంచి వచ్చిందే డెక్కన్ హార్స్. 1916 జూలై 14న ఫ్రాన్సులోని సోమ్ యుద్ధంలో బల్లేలతో మెషిన్ గన్నుల మీదికి ఉరికింది. ఇప్పుడు అది ట్యాంకుల రెజిమెంటు. సిలేదారీ మాత్రం ఆ యుద్ధానికి తట్టుకోలేక తర్వాత రద్దయింది. ఊరికి దూరంగా అన్ని గుర్రాలు చస్తుంటే ఏ రౌతు కొనగలడు?

1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత నిజాం ఫౌజు రద్దయింది. ఓనరు తండ్రి గుర్రం దిగినాక ఏ పనీ రాక చాలా కష్టపడ్డాడట. ఆ మాట చెప్పి, "కోట ముందల గుర్రాల జాగ ఇంకున్నదా?" అని అడిగాడు. మూడేళ్లు అక్కడే ఉన్న నా దగ్గర జవాబు లేదు.

ఆ ఆదివారమే వనపర్తి పోయాను. కోట ఫోటో తీసి తెచ్చిచ్చాను. ఆయన చాలాసేపు చూసి, బల్లెం పట్టుకున్న తండ్రి ఫోటో పక్కన గోడకు పెట్టాడు. ఆ నెల కిరాయి తీసుకోలేదు.