రంగం ప్రయాణం – ఇంటి మష్వరా

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను ఉర్దూ బడిలో పంతుల్ని. నా తెలుగులో నాలుగు ఉర్దూ మాటలు దొర్లితే మన్నించాలి.

దేశాంతరం పోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. ఇప్పుడు గల్ఫ్ అంటున్నాం, మన తాతలు రంగం అనేవారు. రంగం అంటే బర్మాలోని రంగూను. 1937 దాకా బర్మా కూడా ఇండియా పాలనలోనే ఉండేది. విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో స్టీమరెక్కి జనం వేలాదిగా పోయేవారు. అక్కడి బియ్యం మిల్లుల్లో, ఓడరేవులో మూటలు మోసేవారు. మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోయేవాడు. ఆ బాకీ తీరేదాకా మనిషి అతని చేతికిందే. పోయినవారిలో ఎక్కువమంది మగవారు, ఆలుబిడ్డలు ఇక్కడే.

మా దాదీ తండ్రిగారు 1929 ప్రాంతంలో అలాగే పోయారు. అడ్వాన్సు పుచ్చుకున్న సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తెల్లవారేసరికి మంచం ఖాళీ! అప్పటికి దాదీ చంటిపిల్ల.

1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ పెద్ద అల్లర్లు జరిగాయి. చాలామంది భయపడి తిరిగి వచ్చేశారు. ఆయన రాలేదు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూనుమీద బాంబులు వేశాయి. లక్షలాది భారతీయులు అరకాను, మణిపురం, అస్సాం దారుల్లో కాలినడకన బయలుదేరారు. కలరా, మలేరియా, ఆకలితో వేలమంది దారిలోనే పోయారు. ఆయన ఎలాగో ఇల్లు చేరారు. పన్నెండేళ్ళ కూతురు తండ్రిని గుర్తుపట్టలేదు.

"అల్లర్లప్పుడే ఎందుకు రాలేదు అబ్బా?" అని దాదీ ఒకసారి అడిగిందట. "అడగకుండా పోయినవాణ్ణి, వట్టి చేతులతో ఏ ముఖం పెట్టుకుని వస్తానమ్మా!" అన్నారట.

ఈ ఒక్క మాట కోసమే ఇంత చెప్పాను. ఇంటిల్లిపాదీ కూర్చుని మష్వరా చేసేది పోవడానికి మాత్రమే కాదు, తిరిగి రావడానికి కూడా. అందరితో చెప్పి పోయినవాడికి వెనక్కి వచ్చే దారి తెరిచే ఉంటుంది. వలసలో పోవడమెంత ఉందో రావడమూ అంతే ఉంది. బర్మాలో 1964లో దుకాణాలు జాతీయం చేసినప్పుడు కూడా మనవారు ఆస్తులు వదిలి ఓడల్లో వచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేరు అలా వచ్చిందే.

మొన్న నా పాత విద్యార్థి ఒకడు గల్ఫ్ కాగితాలు తెచ్చి, "ఇంట్లో చెప్పకండి మాస్టారూ" అన్నాడు. నేను వాణ్ణి వెంటబెట్టుకుని వాళ్ళింటికే వెళ్ళాను. తండ్రి జీతమెంత అన్నాడు, మామ అప్పెంత అన్నాడు. తల్లి మాత్రం, "అక్కడ బాగోకపోతే వచ్చేస్తావా బేటా?" అంది. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత వెళ్ళాడు, కానీ అందరి దువాతో వెళ్ళాడు.

కాబట్టి పెద్దలారా, ఏజెంటుకు పైసా ఇవ్వకముందే ఇంట్లో కూర్చోండి. అతనికి ప్రభుత్వ రిజిస్ట్రేషను ఉందో లేదో చూడండి. వీసా, ఒప్పందం నకళ్ళు ఇంట్లో ఉంచండి. అప్పు ఎవరి పేర, డబ్బు ఎవరి చేతికి, ఎప్పుడు తిరిగి రావాలి, అన్నీ మాట్లాడుకోండి. తల్లినీ భార్యనూ తప్పక అడగండి. ఎదురుచూసేది వాళ్ళే కదా!

ఖుదా హాఫిజ్.