ఎం.బి.ఏ. చదివిన మనవడు – పెన్షను తీసుకునే తాత

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా గరివిడిలో జరిగిన సభలో ఒక సభ్యుని ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కారణంగానే మనం ఈ రోజును పండుగగా జరుపుకుంటున్నామన్నది అందరికీ తెలిసిన విషయమే. పెన్షను దయాధర్మం కాదు, మన హక్కు అని ఆ తీర్పు చెప్పింది. ఈ సభల్లో డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకోవడం ఆనవాయితీ. కార్యదర్శిగారు నన్నూ అదే మాట్లాడమన్నారు. కాని వచ్చిన పెన్షను మన ఇళ్ళలో ఎటు పోతోందో కూడా ఒకసారి చెప్పుకోవాలి. చాలామంది ఇళ్ళలో అది మనవల ఫీజులకూ, ఆ ఫీజుల కోసం చేసిన అప్పులకూ పోతోంది.

నేను 1974లో బి.కాం. పాసయ్యాను. మా వీధి మొత్తానికి డిగ్రీ ఉన్నవాళ్ళం ఇద్దరం. టైపు లోయరు కూడా పాసై, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో పేరు రాయించుకుని, రెండేళ్ళు ఖాళీగా తిరిగిన తర్వాత గుమాస్తా ఉద్యోగం వచ్చింది. "మా రోజుల్లో మేం కష్టపడ్డాం, ఈ కాలం పిల్లలకు ఆ ఓపిక లేదు" అని మనలో కొందరు అంటూ ఉంటారు. నేనూ అన్నవాణ్ణే. ఆలోచిస్తే అది సరికాదు. అప్పుడు డిగ్రీలు తక్కువ, కుర్చీలు ఎక్కువ. 1969లో బ్యాంకులు జాతీయమయ్యాక పల్లెపల్లెకూ బ్రాంచీలు వచ్చాయి. మన గరివిడిలో ఫెర్రో ఎల్లాయ్స్ ఫ్యాక్టరీ వచ్చింది. ఎక్కడికక్కడ లెడ్జర్లు రాసేవాళ్ళు కావలసి వచ్చింది. ఆ లెడ్జరు ఇప్పుడు కంప్యూటరులో ఉంది. పదిమంది రాసింది ఒక్కరు చూస్తున్నారు.

ఎం.బి.ఏ. మన ప్రాంతానికి కొత్త చదువేమీ కాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1957లోనే మొదలైంది. చాలాకాలం ఆ సీటు దొరకడమే గొప్ప. తర్వాత ప్రైవేటు కాలేజీలు వచ్చాయి. 2008 నాటి నుంచి ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చింది. దానివల్ల పేద పిల్లలు పై చదువులు చదివారు, ఆ మేలును నేను కాదనను. అదే అదనుగా సీట్లు నింపుకోవడమే పనిగా పెట్టుకున్న కాలేజీలూ పుట్టాయి. ఐసెట్ పరీక్షలో 200 మార్కులకు 50 వస్తే అర్హత. అంత సులువుగా లోపలికి వెళ్ళిన పిల్లవాడికి బయట ద్వారం ఎంత ఇరుకో రెండేళ్ళు గడిస్తే గాని తెలియదు. మన దేశంలో అగ్రశ్రేణి సంస్థలను మినహాయిస్తే, ఎం.బి.ఏ. అవగానే ఉద్యోగం దొరుకుతున్నది 7 శాతం మందికేనని 2016లో అసోచామ్ చెప్పింది. 2022 లెక్కల ప్రకారం మన యువతలో చదవడం, రాయడం రానివారిలో నిరుద్యోగం 3.4 శాతమైతే, పట్టభద్రులలో 29.1 శాతమని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024 నివేదికలో ఉంది. చదువురానివాడు ఏదో ఒక కూలికి వెళ్ళక తప్పదు, పట్టా ఉన్నవాడు దానికి తగిన పని కోసం కూర్చుంటాడు. ఆ తేడాలో ఇదీ ఒక కారణం.

ఇక నా సంగతి. నేను 2012లో రిటైరైనప్పుడు 40 శాతం పెన్షను కమ్యూట్ చేసి, ఆ సొమ్ము ఫిక్సెడ్ డిపాజిట్టు వేశాను. మా అమ్మాయి కొడుకు బి.కాం. అయ్యాక ఎం.బి.ఏ. అంటే ఆ డిపాజిట్టు తీసి ఇచ్చాను. చాలనిదానికి బ్యాంకులో విద్యా రుణం. చదువు సాగినన్నాళ్ళూ వాయిదాలు కట్టనక్కరలేదన్నారు. వడ్డీ మాత్రం ఒక్కరోజు కూడా ఆగలేదు.

చివరి సంవత్సరం వాడి ప్రాజెక్టు రిపోర్టు నా చేతికి వచ్చింది. ఒక ఉక్కు కంపెనీలో వర్కింగ్ కేపిటల్ నిర్వహణ మీద డెబ్బై పేజీలు, స్పైరల్ బైండింగు. అకౌంట్సులో బతికినవాణ్ణి కదా, ఆశగా చదివాను. నలభయ్యో పేజీలో చెరకు క్రషింగ్ సీజను వచ్చింది! "ఉక్కు చేసేచోట చెరకేమిట్రా?" అని అడిగాను. "జిరాక్సు షాపులో పాత రిపోర్టు తీసుకుని కంపెనీ పేరు మార్చారు తాతా. అందరిదీ అంతే" అన్నాడు. కింద పరిశీలించినట్టు గైడుగారి సంతకం ఉంది.

నవ్వు వచ్చింది, తర్వాత రాత్రంతా నిద్ర పట్టలేదు. వర్కింగ్ కేపిటల్ అంటే ఏమిటో ఈ హాల్లో కూర్చున్న ఫ్యాక్టరీ మిత్రులు ఎవరైనా వాడికి ఒక సాయంత్రంలో చెప్పగలరు. ఖనిజం కొన్న రోజుకీ, సరుకు అమ్మిన డబ్బు చేతికొచ్చిన రోజుకీ మధ్య కరెంటు బిల్లు ఎలా కట్టాలో తలలు పట్టుకున్నవారే కదా మీరంతా. నేనూ రెండేళ్ళలో ఒక్కసారి "ఏం నేర్చుకుంటున్నావురా?" అని అడగలేదు. "ఫీజు ఎప్పుడు కట్టాలి?" అని మాత్రం అడిగాను.

ఇప్పుడు వాడు చిన్న అప్పులిచ్చే ఒక సంస్థలో వాయిదాలు వసూలు చేస్తున్నాడు. ప్రకటనలో అడిగిన అర్హత ఇంటర్మీడియట్. పక్క సీటులో మెరకముడిదాం కుర్రాడు ఇంటరుతో చేరి రెండేళ్ళు సీనియరు, జీతం కూడా వీడికంటే ఎక్కువ. మా వాడి జీతం నా పెన్షనులో సగం లేదు. ఊళ్ళవెంట తిరిగి అప్పులు వసూలు చేసేవాడు ఇంటికొచ్చి తన అప్పు వాయిదాకు నా ముఖం చూస్తాడు. అడగడు, చూస్తాడంతే.

ఎం.బి.ఏ. దండగ అని చెప్పడానికి నేను రాలేదు. 2015లో విశాఖలో ఐ.ఐ.ఎం. వచ్చింది. అటువంటిచోట సీటు వస్తే అప్పు చేసైనా చదివించండి. మిగతాచోట్ల కాలేజీవారి రంగుల కరపత్రం పక్కన పెట్టి, కిందటేడు పాసైన ఇద్దరు పిల్లల ఫోను నంబర్లు అడగండి. ఇవ్వకపోతే అదే జవాబు. చీపురుపల్లిలోనో, విజయనగరంలోనో ఒక ఆడిటరు దగ్గర ఏడాదిపాటు జి.ఎస్.టి. రిటర్నులు వేయడం నేర్చుకుని, అప్పటికీ ఎం.బి.ఏ. కావాలంటే అప్పుడు చేరనివ్వండి. జీతం తక్కువే ఇస్తారు గాని, ఎదురు ఫీజు కట్టనక్కరలేదు.

కమ్యూట్ చేసిన భాగం 15 ఏళ్ళకు గాని తిరిగి రాదని మీకు నేను చెప్పనక్కరలేదు. నాకు 2027లో నిండుతాయి.

ఆ రిపోర్టు ఈ రోజు సంచిలో తెచ్చాను. ఎవరింట్లోనైనా ఐసెట్ రాసిన పిల్లలుంటే, కాలేజీలో డబ్బు కట్టేముందు ఒకసారి మా ఇంటికి పంపండి, నలభయ్యో పేజీ చూపిస్తాను. కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. సెలవు.