దర్భ : శ్రుతి స్మృతి పురాణములలో దాని స్థానము



వైదికకర్మలకు కావలసిన సంభారములలో వెలగలవి యనేకము లున్నవి. నేయి కావలెను, ధాన్యము కావలెను, వస్త్రము కావలెను, దక్షిణకు ద్రవ్యము కావలెను. వీనిలో నేది కొఱతపడినను శాస్త్రకారులు దానికి బదులు చెప్పి, పేదవానికిని దారి చూపిరి. కాని వెల యేమియు లేని వస్తువొకటి కలదు. అది లేనిదే సంకల్పము సాగదు, అగ్నికి పరిస్తరణము లేదు, పితరులకు తర్పణము లేదు. అదియే దర్భ. శిస్తు కట్టని బంజరులో, ఏటిగట్టున, కాలువ యొడ్డున తనంత మొలచు గడ్డికి మహర్షు లింతటి స్థాన మేల యిచ్చిరో విచారింపదగియున్నది.

ముందుగా దాని స్వరూపము. దర్భకు కుశ యనియు పేరు. నేటి వృక్షశాస్త్రజ్ఞులు కుశను డెస్మోస్టాకియా బైపిన్నేటా యందురు. కొన్ని ప్రాంతములలో ఇంపెరాటా సిలిండ్రికా యను మఱియొక గడ్డిని దర్భగా వాడుచున్నారు. ధర్మశాస్త్ర నిబంధకులును దర్భ యనగా నొక్కటే కాదని, కుశ, కాశ, దూర్వ, ఉశీరము, ముంజ మున్నగువానితో పది విధములు లెక్కించి, ముఖ్యమైనది దొరకనిచో తక్కినవానిని గ్రహింపవచ్చు ననిరి. కుశ యిసుకనేలలోను చవిటినేలలోను పెరుగును. దాని భూగత కాండము లోతుగా పాఱి, నాలుగువైపుల వ్యాపించును. ఎండకు పైభాగము మాడినను, కోసినను, క్రింది మొదలు చావదు. తేమ తగిలిన వెంటనే మరల చిగురించును. ఆకు సన్నము, పొడవు, అంచులు కత్తివాదరవంటివి. అజాగ్రత్తతో పట్టి లాగినవాని వ్రేళ్లు తెగుట నిశ్చయము. చావని మొదలు, కోసెడి యంచు: ఈ రెండు గుణములను మనస్సున నుంచుకొన్నచో ముందు చెప్పబోవు విషయములు సులభముగా బోధపడును.

ఇక వినియోగము. శ్రౌతయజ్ఞములలో వేదిపై పఱచు దర్భకు బర్హిస్సని పేరు. అది దేవతలకు వేసిన యాసనము. ఇంద్రాదులు వచ్చి కూర్చుండుటకు బంగారుపీట గాక పచ్చిగడ్డియే పఱచిరన్నమాట. రెండు దర్భలను చేర్చి చేసిన పవిత్రముతో నేతిని, నీటిని శుద్ధిచేయుదురు. పిడికెడు దర్భతో కట్టిన వేదమను కట్టతో వేదిని తుడుతురు. గృహ్యకర్మలలో అగ్నికి నలువైపుల పఱచునదియు, కర్త యనామికకు ధరించు పవిత్రమును దర్భయే. ఆంధ్రదేశమున పలుచోట్ల శుభకార్యములకు రెండు, పితృకార్యములకు మూడు, ప్రేతకార్యమునకు ఒక దర్భతో పవిత్రము చేయుట యాచారము. శాఖాభేదములచే నిది కొంత మాఱుచుండును. గ్రహణసమయమున ఉప్పుజాడీపైన, పెరుగుకుండపైన, నీళ్లబిందెపైన దర్భపరక వేయుట యింటింటను స్త్రీలెఱిగినదే. దూరదేశమున మరణించి దేహము దొరకనివానికి పలాశవృంతములతోను దర్భతోను ప్రతికృతి కల్పించి సంస్కరింపవచ్చునని శాస్త్రము. కుమారుని కడచూపు దక్కని తల్లిదండ్రులకు ఆ గడ్డిబొమ్మయే దిక్కైన దన్నమాట.

దర్భను పఱచుటలో దిక్కును ముఖ్యము. దేవకార్యమందు కొసలు తూర్పునకో ఉత్తరమునకో ఉండవలెను; పితృకార్యమందు దక్షిణమునకు. ఒక పరకలో కొస దేవతలది, నడుము మనుష్యులది, మొదలు పితరులది యని శతపథబ్రాహ్మణము విభాగించుచున్నది. అందుచేతనే పితృకర్మకు దర్భను మొదలంట ఒక్కవేటున కోయవలెనని చెప్పినది. జానెడు గడ్డిపరకలో మూడులోకములు నిమిడియున్నవి. పితరులు మొదట, దేవతలు కొసను, మధ్య మానవుడు. వెనుకటివారిని విడిచినవానికి మొదలు లేదు. పైచూపు లేనివానికి కొస లేదు. ప్రతీక యనగా నిట్టిది.

ఇంతకును దర్భ పవిత్రమెట్లైనది? దీనికి శతపథబ్రాహ్మణమే యొక కథ చెప్పుచున్నది. వృత్రుడు భూమ్యాకాశముల నడుమనున్న సర్వమును కప్పి పడుకొనెను. ఇంద్రుడు వానిని చంపగా, వాని దేహము దుర్గంధముతో నీళ్లలోనికి ప్రవహించెను. జలములలో కొన్ని దానిని చూచి యసహ్యించుకొని, పైపైకి ప్రాకి, ఆ కల్మషమంటకుండ దూరముగా పోయెను. అవియే దర్భలైనవి. కనుక దర్భ యనగా చెడని నీరు. అట్టి దర్భతో నీటిని ప్రోక్షించుట యనగా, చెడినదానిలో చెడని యంశమును మరల కలుపుట. ఎండనేలలో మొలచు గడ్డిని నీరని చెప్పుటలోని సొగసు గ్రహింపదగినది. చుట్టును కల్మషము ప్రవహించునపుడు దానితో కలసిపోక తొలగి నిలుచునదే శుచి యని శ్రుతి తాత్పర్యము.

రెండవకథ మహాభారత మాదిపర్వములోనిది. 11వ శతాబ్దిలో నన్నయభట్టారకుడు రాజమహేంద్రవరమున భారతమును తెలుగుచేయ నారంభించినప్పుడే యిది తెలుగువారికి దక్కినది. తల్లియైన వినత దాస్యమును మాన్పుటకై గరుత్మంతు డమృతము తెచ్చి, కద్రువకొడుకులైన పాములయెదుట దర్భలపై నుంచెను. స్నానముచేసి వచ్చి త్రాగుడని చెప్పెను. పాములు స్నానమునకు పోయిన లోపల ఇంద్రు డమృతమును తీసికొనిపోయెను. తిరిగివచ్చిన పాములు, భాండమున్న చోట నొక చుక్కయైనను అంటియుండకపోదని యాశతో దర్భలను నాకినవి, నాలుకలు చీలినవి. అమృతస్పర్శచేత దర్భ పవిత్రమైనది. ఒకే గడ్డి, ఒకే యమృతము. తల్లికొఱకు తెచ్చినవానికి కీర్తి, ఆశతో నాకినవారికి చీలిన నాలుక. కుశయొక్క కోసెడి యంచు ఇక్కడ ధర్మమునకు పనికివచ్చినది.

ఈ యంచునుండియే భాషలో రెండుమాటలు పుట్టినవి. కుశ కొసవంటి సూక్ష్మమైన బుద్ధి కుశాగ్రబుద్ధి. చేయి తెగకుండ కుశలను కోసి తేగలవాడు కుశలుడని పూర్వుల వ్యుత్పత్తి. తరువాత నే పనిలో నేర్పరియైనవానికైనను ఆ పేరు చెల్లినది. కావ్యప్రకాశకర్తయైన మమ్మటు డీ పదమును రూఢిలక్షణకు ఉదాహరణముగా చూపగా, సాహిత్యదర్పణకర్త విశ్వనాథుడు ఒప్పుకొనక వాదించెను. పండితుల వాద మట్లుండగా, నేడును ఉత్తరములో కుశలమా యని వ్రాయు ప్రతివారును తెలియకయే దర్భను స్మరించుచున్నారనుట వింతగొలుపును.

ధ్యానమునకును కుశయే యాసనము. భగవద్గీత యాఱవ యధ్యాయమున యోగి శుచియైన చోట, మిక్కిలి యెత్తును మిక్కిలి పల్లమును గాక, వస్త్రము, అజినము, కుశలు కల యాసనము వేసికొనవలెనని చెప్పబడినది. శ్లోకములోని క్రమమునకు విపరీతముగా అడుగున కుశలు, వానిపై చర్మము, ఆపై వస్త్రమని శంకరభగవత్పాదులు వ్యాఖ్యానించిరి. రామాయణమున రాజులే యీ యాసనమున కనబడుదురు. చిత్రకూటమున అన్నగారిని మరలింపలేక, భరతుడు పర్ణశాలయెదుట కుశలు పఱచుమని సుమంత్రునకు చెప్పెను. సుమంత్రుడు రామునివైపు చూచి సందేహింపగా, భరతుడు తానే పఱచుకొని కూర్చుండెను. రాముడును సముద్రతీరమున మూడురాత్రులు దర్భలపై శయనించి సాగరుని ప్రార్థించెను. కాకాసురునిపై వేసిన బ్రహ్మాస్త్రము రాముడు తన యాసనమునుండి తీసిన దర్భపుల్లయే. వాల్మీకి రక్షకై యిచ్చిన కుశముష్టిచేతనే సీత పెద్దకుమారుడు కుశుడైనాడు. సింహాసనము పోయినను గడ్డిపై కూర్చుండగలవాడే రాజని యాదికవి భావము కాబోలు.

ఇప్పుడు ప్రధానవిషయము. దర్భను వాడుట యెట్లో చెప్పిన శ్రుతి, దానిని కోయుట యెట్లో అంతకంటె శ్రద్ధతో చెప్పినది. ఆంధ్రదేశమున విశేషముగా అధ్యయనము చేయబడు కృష్ణయజుర్వేద తైత్తిరీయసంహిత ప్రారంభమునందే బర్హిస్సును కోయు మంత్రములున్నవి. కోయువాడు కొడవలి పెట్టుచు ఆ గడ్డితోనే మాటలాడును. నీకు హింస కలుగకుండుగాక యని కోరును. నీవు నూఱు పిలకలతో మరల మొలువుము, మేము వేయి పిలకలతో వృద్ధిపొందెదము గాక యని ప్రార్థించును. ఎంత గొప్ప యొడంబడిక! తాను బాగుపడవలెనని కోరుటకు ముందు, తాను కోసినది మరల మొలకెత్తవలెనని కోరుచున్నాడు. దేవకార్యమునకు వ్రేళ్లు పెకలింపక కోసినచో దర్భ యెట్లును మరల చిగురించును. స్వభావమే యట్టిదైనను నోరారా కోరవలెనని విధి. తీసికొనువానికి తీసికొనబడుదానియెడ ఋణమున్నదని దీని యర్థము. దర్భయొక్క పరమార్థ మిదియే.

ఈ ఋణమును మఱచినవాని కథ భాగవత చతుర్థస్కంధమున కలదు. బర్హిషదుడను రాజు యజ్ఞముమీద యజ్ఞము చేయుచు, తూర్పుకొసల దర్భలతో భూమినంతయు కప్పి, ప్రాచీనబర్హి యని పేరొందెను. సంఖ్యకు సంతోషింపవలసినదే. కాని నారదుడు వచ్చి, ఓయీ, దీనివలన నీవు కోరు శ్రేయస్సేమి యని యడిగెను. నీచే వధింపబడిన పశువులు నీకొఱకై వేచియున్నవి, చూడుమని చూపెను. పిమ్మట పురంజనోపాఖ్యానము చెప్పి యతనికి జ్ఞానమార్గము బోధించెను. పోతనామాత్యుని తెలుగులో నీ కథ చదువుకొనవచ్చును. భూమినంత దర్భతో కప్పినవానికి తెలియనిది, మంత్రము తెలిసి పిడికెడు కోసినవానికి తెలిసినది. లెక్క పెరిగినంతమాత్రమున ఫలము పెరుగదు.

బౌద్ధులును ఇదే ప్రశ్న వేసిరి. దీఘనికాయములోని కూటదంతసూత్రమున బుద్ధుడు పూర్వకాలపు ఉత్తమయజ్ఞమును వర్ణించుచు, అందు పశువులను చంపలేదు, యూపములకు చెట్లు నఱకలేదు, బర్హిస్సునకు దర్భ కోయలేదు, సేవకులు దండభయమున నేడ్చుచు పనిచేయలేదు అని చెప్పెను. దర్భ ప్రాణమును పశుప్రాణముతోపాటు లెక్కలో చేర్చుట గమనింపదగినది. అట్లని ఆయన గడ్డిని నిరాకరింపలేదు. బోధివృక్షమును సమీపించుచుండగా సొత్థియుడను గడ్డికోయువాడు ఎనిమిది పిడికిళ్ల గడ్డి యిచ్చెనని, దానిని పఱచుకొని కూర్చుండి సిద్ధార్థుడు బుద్ధుడాయెనని జాతకనిదానకథ చెప్పును. సంప్రదాయమందు దానిని కుశయని యందురు. రాజొకడు భూమినంత పఱచి పొందలేనిదానిని, కూలివాడు ప్రేమతో నిచ్చిన యెనిమిది పిడికిళ్లపై నొకడు పొందెను. వైదికపురాణమును బౌద్ధకథయు వేఱు దారులైనను ఇక్కడ నొక్కచోటనే కలసికొన్నవి.

వర్తమానస్థితి నొకింత ఆలోచింపవలెను. గోదావరికి ధవళేశ్వరమున 1852లోను, కృష్ణకు విజయవాడయొద్ద 1855లోను ఆనకట్టలు పూర్తియైనవి. మాగాణి పెరిగి ప్రజలకు అన్నము దొరికినది, అది సంతోషమే. కాని మాగాణి పెరిగినకొలది బంజరు తగ్గుట సహజము. శ్రావణ బహుళ అమావాస్యనాడు కోసిన దర్భ సంవత్సరమంతయు పనికివచ్చునని శాస్త్రము. ఆనాడు కొడవలి పట్టుకొని గట్టునకు పోవువారికంటె బజారున కట్ట కొనువారే నేడు పెక్కుమంది. కొనుట దోషము కాదు. కాని వెలలేనిది వెలకు వచ్చినపుడు, ఎవరు కోసిరో, ఎట్లు కోసిరో, మరల మొలుచునో లేదో కొన్నవానికి తెలియదు. ఎక్కువ కోసినవానికి ఎక్కువ వెల కనుక మొదలు మిగిల్చువాడు తక్కువగును. గట్టు దున్ని నాలుగు సాళ్లు కలుపుకొన్నవాడు మఱునాడు పవిత్రము ధరించి సంకల్పము చెప్పినచో, ఆ వ్రేలికున్నది పవిత్రమా, పాము నాకిన పరకయా యని తన్ను తానే ప్రశ్నించుకొనవలెను.

కావున చేయదగినది స్వల్పమే. ఊరి యేటిగట్టున, చెఱువుకట్టపై దర్భదుబ్బు లున్నచోట వానిని పెకలింపక నిలుపవలెను. కోయువారు మొదలు విడిచి కోయవలెను. పిల్లలకు పవిత్రము తొడుగునపుడు దాని యర్థము రెండుమాటలలో చెప్పవలెను. చెప్పుటకు వలసిన భారత భాగవత రామాయణములు గ్రంథాలయపు బీరువాలో నున్నవి. అవియును దర్భవలెనే యెవరును వెలయిచ్చి కొననక్కఱలేనివి, ఒకరు చదివినకొలది మఱియొకరికి తఱుగనివి. కోసినను చావని మొదలు ఊరికొకటి యుండవలెను.

స్వస్తి.